ముగ్గు పోసే ముందు పర్మిషన్ సంగతి చూసుకోండి

మాఘం ముహూర్తాలు మొదలైతే నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా మేస్త్రీలు దొరకడం కష్టం. వానలు పడేలోపు స్లాబ్ వేసేయాలని అందరికీ తొందరే. ఆ తొందరలో పర్మిషన్ సంగతి వెనక్కి పోతుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లు బ్యాంకు లోన్ కోసమైనా కాగితాలు చేయించుకుంటారు. చిక్కుల్లో పడేది ఎక్కువగా ఉన్న ఇంటి మీద "ఒక్క రూమే కదా" అని లేపేవాళ్లు.

రంగులు, ఊడిన గిలాబు మళ్లీ చేయించడం, షాబాదు బండలు తీసి టైల్స్ వేయించడం, పాత రేకుల స్థానంలో అదే ఎత్తులో కొత్తవి వేయడం వంటి వాటికి పర్మిషన్ అక్కర్లేదు. కొత్త కిటికీ కూడా పక్కింటి జాగా వైపు తెరుచుకోనంత వరకు ఇబ్బంది లేదు. రేకులు తీసేసి పిల్లర్లు లేపి స్లాబ్ పోస్తామంటే మాత్రం లెక్క మారిపోతుంది. పై అంతస్తు వేసినా, గది ముందుకు పెంచినా, వీధి గదికి షట్టర్ పెట్టి దుకాణంగా మార్చినా ముందే అనుమతి తీసుకోవాలి.

తెలంగాణ మున్సిపాలిటీల్లో 2020లో టీఎస్‌బీపాస్ చట్టం (ఇళ్ల అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి) వచ్చాక పని తేలికైంది. 75 గజాల లోపు జాగలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఆ రూపాయి పని కూడా వదిలేసేవాళ్లున్నారు, తర్వాత లోన్ దగ్గర తిప్పలు పడతారు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు మీరిచ్చిన స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే 21 రోజుల గడువు. ఊళ్లలోనైతే పంచాయతీ కార్యదర్శిని కలవాలి. కానీ పట్టణం చుట్టుపక్కల చాలా ఊళ్లు నుడా, ముడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో ఉన్నాయి, అది ముందే కనుక్కోండి.

వెంటనే వచ్చిందని సంబరపడిపోవద్దు. అక్కడ ఆఫీసర్ వచ్చి కొలవలేదు, మీరు చెప్పిందే నమ్మారు. చెప్పింది తప్పని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. "అన్నీ నేను చూసుకుంటా" అనే మధ్యవర్తి చేతికి ఓటీపీ ఇచ్చేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. సంతకం వాళ్లది, జాగా వాళ్లది, రాసింది ఇంకొకరు.

జాగా విషయంలో రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి ఇల్లు కట్టొచ్చు అనుకోకండి. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్లు ఆపిన భూముల జాబితా) ఉందేమో, వ్యవసాయ భూమి అయితే నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, అయిందో లేదో చూడాలి. ఏళ్లుగా ఎండిన కుంట కూడా రికార్డులో కుంటే. పది హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాల్సిందే.

ఇక కరెంటు లైన్. పాత గల్లీల్లో 11 కేవీ తీగ పిట్టగోడకు అందేంత దగ్గరగా పోతుంటుంది. కింది ఇల్లు కట్టినప్పుడు అది ఎక్కడో పైన ఉంది, ఇప్పుడు మీరు పై అంతస్తుతో దాని దగ్గరికి వెళ్తున్నారు. 11 కేవీ లాంటి హైటెన్షన్ లైన్‌కు 3 మీటర్లు, ఇళ్లకు కరెంటిచ్చే మామూలు లైన్‌కు మీటరున్నర దూరం ఉండాలి. గోడ నుంచి కాదు, బయటికొచ్చే చజ్జా అంచు నుంచి కొలవండి. ఇనుప రాడ్ నలభై అడుగులుంటుంది. సెంట్రింగ్ కుర్రాడు దాన్ని పైకి లాగి తిప్పేటప్పుడు అవతలి కొస ఎటు పోతుందో అతనికి కనపడదు. దూరం చాలకపోతే విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి, చార్జీలు కట్టి లైన్ జరిపించాకే పని మొదలుపెట్టండి. దీనికి టైం పడుతుంది, అందుకే ముహూర్తం పెట్టించే ముందే అడగండి.

పాత గూన పెంకుల ఇల్లు కూల్చేవాళ్లకు ఇంకో మాట. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే రెండు వైపులా ఫోటోలు తీసి, కొలతలు రాసి, పక్కవాళ్ల సంతకం పెట్టించుకోండి. మట్టి గోడ ఒకవైపు ఆసరా పోతే వానకు నిలవదు, కాబట్టి కూల్చకముందే పక్కింటి వైపు పోట్లు పెట్టించాలి.