కోడిగుడ్లను పొదిగే మిషన్‌లో (ఇంక్యుబేటర్) పెట్టేముందు తేమ సంగతి చూసుకోండి

వేడి విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు, దెబ్బ తినేది తేమ దగ్గర. ఎందుకంటే అక్కడ చేసిన తప్పు మూడు వారాలపాటు పైకి కనిపించదు, 21వ రోజు దాటినా పిల్ల బయటికి రాకపోతే అప్పుడు తెలుస్తుంది. నేను మొదటిసారి పెట్టినప్పుడు రోజూ పొద్దున్నే గిన్నె నిండా నీళ్లు పోసేవాణ్ణి, ఏదో మంచి చేస్తున్నాననుకుని. చివరికి గుడ్లు పగలగొట్టి చూస్తే పిల్లలు పూర్తిగా తయారై, ఒళ్లు ఉబ్బి, జిగురు నీళ్లలో తడిసి చచ్చిపోయి ఉన్నాయి.

గుడ్డులోని నీరు పెంకుకుండే సన్నటి రంధ్రాల్లోంచి కొంచెం కొంచెంగా ఆవిరైపోవాలి. 60 గ్రాముల గుడ్డు 18వ రోజుకి దాదాపు 53 గ్రాములకు దిగాలి. అలా తగ్గిన మేరకు మొద్దు వైపు గాలి గది పెరుగుతుంది, పిల్ల తొలి ఊపిరి తీసుకునేది అందులోనే. తేమ ఎక్కువైతే ఆ గది చిన్నదిగా ఉండిపోతుంది. మరీ తక్కువైతే లోపలి పొర ఎండి పిల్లకి అతుక్కుపోతుంది, పెంకుకి చిల్లు పెట్టాక కూడా అది తిరగలేక అక్కడే ఆగిపోతుంది.

ఫ్యాన్ ఉన్న మిషన్‌లో 37.5 డిగ్రీల వేడి దగ్గర మొదటి 18 రోజులు 45 నుంచి 50 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం తేమ ఉంటే చాలు. కానీ మీ మీటర్ చెప్పేది నిజమేనా? చవక మీటర్లను నేనైతే నమ్మను. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకు మాత్రమే నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి 75 చూపించాలి. 70 చూపించిందా, ఇక ఎప్పుడు చూసినా 5 కలుపుకోండి.

నీళ్ల లోతుతో పని లేదు, ఎంత వెడల్పున పరుచుకున్నాయన్నదే లెక్క. తేమ చాలకపోతే వెడల్పాటి పళ్లెం పెట్టండి, లేదా తడి స్పాంజ్ ముక్క వేయండి. ముసురు పట్టిన రోజుల్లో నీళ్లు అసలు అక్కర్లేకపోవచ్చు. తేమ పెంచాలని గాలి రంధ్రాలు మాత్రం మూయకండి, లోపల పెరుగుతున్న పిల్లలకి గాలి కావాలి.

7, 14, 18 రోజుల్లో చీకట్లో టార్చ్ పెట్టి గాలి గది అంచు వెంట పెంకు మీద పెన్సిల్‌తో గీత గీయండి. గీత ప్రతిసారీ కిందికి జరుగుతుండాలి. జరగకపోతే నీళ్లు తగ్గించండి, మరీ తొందరగా జరిగిపోతే పెంచండి. మీటర్ కంటే ఈ గీతనే నేను ఎక్కువ నమ్ముతాను.

18వ రోజున గుడ్లు తిప్పడం ఆపి, తేమ పెంచి మూత వేశాక ఇక తెరవకూడదు. అసలు టెన్షన్ ఇక్కడే, లోపల కిచకిచలు వినిపిస్తుంటే చెయ్యి ఆగదు! మూత తీస్తే మాత్రం తేమ ఒక్కసారిగా పడిపోతుంది, చిల్లు పెట్టిన పిల్లల మీద పొర బిగుసుకుంటుంది. చిల్లు పెట్టాక బయటికి రావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. ముందే వచ్చిన పిల్లకి ఆకలేస్తుందేమోనని కంగారు వద్దు, కడుపులోకి లాక్కున్న పచ్చసొన దానికి రెండు మూడు రోజులకి సరిపోతుంది. నీళ్లు తగ్గితే గాలి రంధ్రంలోంచి సన్నటి పైపు దూర్చి గోరువెచ్చటి నీళ్లు పోయండి, ఆ పైపు 18వ రోజుకి ముందే అమర్చి పెట్టుకోండి.