సముద్రపు గాలం, ఆరో పాఠం: వదిలిన చేప బతకాలంటే

పోయిన పాఠంలో పట్టిన చేపను తిరిగి నీళ్ళలో వదలడం గురించి చెప్పాను. ఆ తర్వాత మీరు పంపిన మెసేజ్‌లు చదివాక ఈసారి రాద్దామనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. పోటు, పాటు చూసుకుని చోటు ఎంచుకోవడం గురించి వచ్చేసారి మాట్లాడుకుందాం. ముందు ఈ సంగతి తేలాలి.

ఎక్కువమంది రాసినవి మూడు రకాలు. "వదిలాం గానీ చేప వెల్లకిలా తేలిపోయింది." "మీరు చెప్పారని సర్కిల్ హుక్కులు (మొన లోపలికి తిరిగి ఉండే కొక్కేలు) కొన్నాం, ఒక్క చేపా తగులుకోవడం లేదు, మళ్ళీ పాత గాలానికే వచ్చేశాం." "కొక్కెం గొంతులోకి పోయింది, లాగితే పేగులతో సహా వచ్చింది."

చూడ్డానికి వేరువేరు ఫిర్యాదులు. కానీ మూడింటి వెనకా చాలావరకు ఉన్నది ఒకే అలవాటు. చేప బతుకుతుందా లేదా అన్నది మనం దాన్ని వదిలే నిమిషంలో తేలే విషయం కాదు. కొక్కెం ఎక్కడ గుచ్చుకుందన్న దగ్గరే సగానికి పైగా తేలిపోతుంది. పెదవి మూలన గుచ్చుకుంటే కాస్త మొరటుగా పట్టుకున్నా చేప కోలుకునే అవకాశం ఉంటుంది. గొంతులోనో మొప్పల్లోనో దిగబడితే ఎంత సుతారంగా వదిలినా బతకడం కష్టం. అందుకే వదలడం నేర్చుకునేముందు తగిలించడం సరిగ్గా నేర్చుకోవాలి.

చెయ్యి ఆపండి

మనలో చాలామంది చిన్నప్పుడు చెరువు గట్టున వెదురు గాలంతో మొదలుపెట్టినవాళ్ళం. బెండు మునిగిందంటే కర్రను ఒక్క ఊపున పైకి ఎగలాగుతాం. మామూలు కొక్కేనికి అది పనికొస్తుంది, ఎందుకంటే దాని మొన కాడకి సమాంతరంగా నిటారుగా ఉంటుంది. ఎటు లాగినా ఎక్కడో ఒకచోట దిగుతుంది. ఎక్కడ దిగుతుందో మాత్రం మన చేతిలో ఉండదు. చేప ఎరను మింగేసి ఉంటే అది గొంతులోనే దిగుతుంది.

సర్కిల్ హుక్ మొన లోపలికి, కాడ వైపుకి తిరిగి ఉంటుంది. చేప ఎర మింగి పక్కకి తిరిగి వెళ్ళబోతుంది. లైన్ బిగుసుకుంటుంది. కొక్కెం గొంతులోంచి వెనక్కి జారుతూ వస్తుంది గానీ మొన లోపలికి ఉంది కాబట్టి దారిలో దేనికీ గుచ్చుకోదు. దవడ మూలకి వచ్చేసరికి కాడ నోటి బయటికి వచ్చి పక్కకి వంగుతుంది. అప్పుడు కొక్కెం గిర్రున తిరిగి సరిగ్గా ఆ మూలనే పట్టుకుంటుంది.

ఇందులో లాగేది చేప. మనం కాదు. అది తిరిగి వెళ్ళకముందే మనం జర్క్ ఇస్తే కొక్కేనికి తిరిగే వ్యవధి ఉండదు, వచ్చిన దారినే నేరుగా నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. మీకు "తగులుకోకపోవడానికి" కారణం ఇదే. కొక్కెం మంచిదే. చెయ్యి తొందరపడుతోంది.

ఇది పోయినసారి ఒక వాక్యంలో చెప్పి వదిలేశాను. ఇప్పుడు విడమరిచి చెప్తాను. ఎర విసిరాక లైన్‌లో వదులు లేకుండా చుట్టుకోండి. వదులుగా ఉంటే చేప తీరిగ్గా మింగుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. రాడ్ చివర టకటకమంటే ఏమీ చెయ్యొద్దు. రెండోసారి టకటకమన్నా చెయ్యొద్దు. రాడ్ వంగి, వంగినట్టే ఉండిపోతే అప్పుడు రీల్ తిప్పడం మొదలుపెట్టండి. రాడ్ ఎత్తొద్దు, ఊపొద్దు, తిప్పడం మాత్రమే. బరువు స్థిరంగా తెలిశాక నెమ్మదిగా రాడ్ లేపొచ్చు. చెయ్యి మాట వినకపోతే ఇసుకలో పైపు పాతి రాడ్ అందులో పెట్టేసి, రెండడుగులు దూరంగా నిలబడండి. నేను చేసేది అదే. చేతిలో రాడ్ ఉంటేనే గాలం వేసినట్టు అనుకునేవాళ్ళకి ఇది నచ్చదు, తెలుసు. అయినా అదే చెయ్యమంటాను.

మరికొన్ని. మొనను ఎరలో పూర్తిగా దాచేయకండి. మొనకీ కాడకీ మధ్య ఖాళీ కనబడాలి, లేకపోతే అది తిరిగినా పట్టడానికి చోటుండదు. రొయ్య ముక్క చిన్నదైనా పర్వాలేదు. కొక్కేన్ని అద్దం మీద పడుకోబెట్టి చూడండి. మొన పక్కకి ఒరిగి ఉంటే అది ఆఫ్‌సెట్ రకం. పేరుకే సర్కిల్, గొంతులో గుచ్చుకునే ప్రమాదం దానితో పెరుగుతుంది. షాపులో మొహమాటపడకుండా మార్పించుకోండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌వీ కొనొద్దు. ఎప్పుడైనా కొక్కెం చేపలోనే వదిలేయాల్సి వస్తే మామూలు ఉక్కుదయితే ఉప్పునీళ్ళలో తుప్పుపట్టి పోతుంది.

సైజు విషయంలో నా లెక్క: చిన్న పార చేపలకి 2/0, పండుగప్పకి 5/0. గీత ఉన్న నంబర్లలో అంకె పెరిగితే కొక్కెం పెద్దది, గీత లేని నంబర్లలో అంకె పెరిగితే చిన్నది. మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పట్టకారుతో నొక్కేసి వాడతాను. లైన్ బిగువుగా ఉన్నంతసేపూ ముల్లు లేకపోయినా చేప జారదు. విప్పేటప్పుడు ఒక్క తిప్పులో వచ్చేస్తుంది. మూడు మొనల కొక్కేలున్న ప్లాస్టిక్ చేపలు వాడేవాళ్ళు వాటిని తీసేసి ఒంటి కొక్కేలు బిగించుకోండి.

ఇంత చేసినా అప్పుడప్పుడూ కొక్కెం లోపలికి పోతుంది. అప్పుడు లాగొద్దు. నోటికి వీలైనంత దగ్గరగా లైన్ కత్తిరించి వదిలేయండి. లోపల దిగిన కొక్కేన్ని పీకిన చేపల కంటే, లైన్ కోసి వదిలేసిన చేపలు ఎక్కువగా బతుకుతాయి. ముప్ఫై రూపాయల కొక్కెం గురించి ఆలోచించొద్దు.

వెల్లకిలా తేలినవి

ఒడ్డు నుంచి పట్టినవాళ్ళయితే ఎక్కువసేపు లాగి అలసిపోయేలా చేసి ఉంటారు, లేదా ఫోటోల కోసం గాలిలో ఎక్కువసేపు ఉంచి ఉంటారు. సన్నటి లైన్‌తో అరగంట పోరాడటం గొప్ప కాదు. కాస్త దిట్టమైన లైన్ వాడి త్వరగా ఒడ్డుకి తేవాలి. చేతులు తడిపాకే ముట్టుకోండి, పొడి చేతులకి దాని ఒంటి జిగురు అంటుకుని వచ్చేస్తుంది, ఆ జిగురే దాన్ని జబ్బుల నుంచి కాపాడేది. ఇసుకలోకి, ఎండకి కాలిన రాళ్ళ మీదకి ఈడ్వొద్దు. నీళ్ళ బయట అర నిమిషానికి మించొద్దు. మన వేసవిలో నీళ్ళు వేడెక్కి ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు ఇంకా తక్కువ సమయంలో వదలాలి. పెద్ద చేపను దవడ పట్టుకుని నిలువునా వేలాడదీయొద్దు, రెండో చెయ్యి పొట్ట కింద ఉండాలి. నీళ్ళలో పెట్టాక ముందుకీ వెనక్కీ ఊపడం మానండి. చేప నీళ్ళు తీసుకునేది నోటి వైపు నుంచి. తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే చాలు, బలం రాగానే అదే విదిలించుకుంటుంది.

బోటు మీద వెళ్ళి లోతులో గ్రూపర్ చేపలు పట్టినవాళ్ళ సంగతి వేరు. ముప్ఫై మీటర్ల అడుగున ఉన్న ఒత్తిడి పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. చేపను పైకి తెచ్చేసరికి లోపలి గాలితిత్తి ఉబ్బి కడుపును నోట్లోంచి బయటికి నెట్టేస్తుంది. ఆ ఉబ్బినదాన్ని సూదితో పొడిచినట్టు ఒకరు రాశారు. అది గాలితిత్తి కాదండీ, దాని కడుపు. దయచేసి పొడవొద్దు. ముల్లు నొక్కేసిన పెద్ద కొక్కేన్ని తలకిందులుగా బరువైన సీసపు గుండుకి కట్టి, చేప పెదవికి తగిలించి, అది వచ్చిన లోతుకి దించండి. అడుగున ఒత్తిడికి గాలి మళ్ళీ కుంచించుకుంటుంది. లైన్‌ను గట్టిగా పైకి గుంజితే కొక్కెం ఊడివస్తుంది, చేప తన దారిన పోతుంది. ఈ ఏర్పాటు లేనివాళ్ళు లోతులో పట్టి వదిలే పని పెట్టుకోవద్దు. కూరకి సరిపడా పట్టి ఆపేయండి.

ఏది ఉంచుకోవాలి

"చిన్నది వదలాలి, పెద్దది ఉంచుకోవాలి" అని మీలో చాలామంది రాశారు. మొదటి సగం నిజం. గుడ్లు పెట్టే వయసుకి రాని పిల్లల్ని కాపాడటానికే కేరళ ప్రభుత్వం 58 రకాలకి చట్టపరంగా కనీస సైజులు పెట్టింది. రెండో సగం దగ్గరే ఇబ్బంది.

గోస్తనీ సముద్రంలో కలిసే భీమిలి మొగ లాంటి చోట్లకి మనం వెళ్ళేది పండుగప్ప కోసమే కదా. ఈ చేప మగదిగా ఎదుగుతుంది. కొన్నేళ్ళు మగదిగా బతికి, బాగా పెరిగాక ఆడదిగా మారుతుంది. అంటే మీ గాలానికి పడ్డ బాగా పెద్ద పండుగప్ప చాలావరకు తల్లి చేపే అయ్యుంటుంది. దాని కడుపులో లక్షల గుడ్లు ఉంటాయి. పెద్దవన్నీ ఏరేసుకుంటే ఆ మొగలో మగవే మిగులుతాయి. గ్రూపర్లది దీనికి తిరగేసిన వరస. అవి మొదట ఆడవి, పెద్దయ్యాక కొన్ని మగవవుతాయి. వాటిలో పెద్దవి తీసేస్తే మగవి కరువవుతాయి. ఏ రకమైనా మధ్య సైజువి ఒకటో రెండో తీసుకోండి. చేతి పొడవు దాటిన పండుగప్పని నేను ఉంచుకోను. రుచి కూడా మధ్య సైజుదే బాగుంటుంది.

జెల్ల పడితే ముందు నోరు చూడండి. సముద్రపు జెల్లల్లో మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. బఠాణీ కంటే పెద్దవి పసుపుపచ్చటి గుడ్లు కనబడితే నీళ్ళలోంచి తియ్యకుండానే కొక్కెం విప్పి వదిలేయండి, కంగారుపడితే అది గుడ్లు ఉమ్మేస్తుంది. వీపు మీద, మొప్పల పక్కన ఉన్న ముళ్ళు విషపువి, గుడ్డ అడ్డం పెట్టుకోండి. టేకు చేప (కొరడా లాంటి తోక ఉన్న చదునైన చేప) పడినా ఒడ్డుకి లాగొద్దు. చాలా టేకులు పిల్లల్ని కంటాయి, కడుపుతో ఉన్నది బెదిరితే పిల్లలు నెలలు నిండకుండానే జారిపోతాయి.

ఉంచుకునే చేపని బకెట్‌లో కొట్టుకుంటూ చావనివ్వొద్దు. తల మీద ఒక్క దెబ్బ, వెంటనే ఐసు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మోటారు బోట్లకి, మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో "ఊరికే సరదాకి" బోటు మాట్లాడుకుని వెళ్దామని అడగొద్దు. మన ఒడ్డు గాలానికి ఆ నిషేధం వర్తించదు గానీ, పొట్ట ఉబ్బిన చేప పడితే వదిలేయాలని నా మాట. ఈ పాఠాలు అబుదాబి నుంచి చదివేవాళ్ళకి: అక్కడ సరదా వేటకి కూడా లైసెన్సు ఉండాలి, తీసుకోండి.

తీరం మనది ఒక్కరిదే కాదు

లైన్ ముక్కలు, ప్లాస్టిక్ సంచులు ఇంటికి తెచ్చుకోవాలని మీకు వేరే చెప్పక్కర్లేదు.

అలివి వల (ఒడ్డు నుంచి రెండు తాళ్ళతో లాగే పెద్ద వల) లాగుతున్న చోట ఆ తాళ్ళ మధ్య గాలం విసరొద్దు. ఆ వల చుట్టుముట్టిన నీళ్ళు ఆ పూటకి ఆ జాలర్లవి, అది వాళ్ళ కూలి. మన కొక్కెం వలకి చిక్కితే వాళ్ళ చేతులు తెగుతాయి. "అన్నా, ఇటు పక్క వేసుకోవచ్చా" అని అడగండి. చేపలెక్కడున్నాయో కూడా వాళ్ళే చెప్తారు.

జనవరి నుంచి మే దాకా రాత్రి గాలం వేసేవాళ్ళు తెల్ల లైట్లు వాడొద్దు. విశాఖ, కాకినాడ తీరాలకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి, నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. మన లైటు చూసి సముద్రం అటే అనుకుని అవి ఊరి వైపు పాకుతాయి. ఎర్ర లైటు పెట్టుకోండి, అదీ అవసరమైనప్పుడే. పైపు పాతిన గుంతలు పూడ్చండి. తాబేలు గాలానికి చిక్కితే లైన్‌తో ఎత్తొద్దు, వలబుట్టతో ఒడ్డుకి తెచ్చి అటవీశాఖకి ఫోన్ చెయ్యండి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి అది. రంపపు మూతి సొర కూడా అందులోదే, పడితే అక్కడికక్కడే లైన్ కోసేయండి.

అభ్యాసం

మొదటిది ఇంట్లోనే. అట్టపెట్టెకి పక్కన అరచేతి వెడల్పు చీలిక కొయ్యండి. సర్కిల్ హుక్‌ని లోపల వేసి, లైన్‌ను చీలిక మూల వైపుగా, పెట్టెకి పక్కవాటుగా నెమ్మదిగా లాగండి. కొక్కెం మూలకి వచ్చి తిరిగి అట్టని పట్టుకోవడం కంటికి కనబడుతుంది. ఇప్పుడు అదే కొక్కేన్ని ఎదురుగా నిలబడి ఒక్క ఊపున లాగండి. తర్వాత మామూలు కొక్కెంతో రెండు రకాలుగానూ లాగి చూడండి. తేడా చేతికి ఎక్కేదాకా చెయ్యండి.

రెండోది తీరంలో. వచ్చే పాఠం లోపు ఇరవై చేపలు పట్టి, ఒక్కోదానికి నోటుబుక్కులో ఐదు విషయాలు రాయండి: రకం, పొడవు, కొక్కెం ఎక్కడ గుచ్చుకుంది (పెదవి మూల, నోటి లోపల, గొంతు), నీళ్ళ బయట ఎన్ని సెకన్లు, వదిలాక ఎలా వెళ్ళింది. ఉంచుకున్నవీ రాయాలి. ఇరవైలో మూడుకి మించి గొంతులో గుచ్చుకుంటే లైన్ వదులో, కొక్కెం ఆఫ్‌సెటో, చేతి తొందరో చూసుకుని మళ్ళీ మొదటి నుంచి ఇరవై పట్టండి. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి. చేపల ఫోటోలు వద్దు.