వానలకు ముందు పాత ఉత్తరాల పెట్టె విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

క్షయ సోకి, ఆరోగ్యం కుదుటపడాలని సముద్రతీరానికి వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండిపోయిన కూతురు ఇంటికి రాసిన ఉత్తరాలు, ఇంటివాళ్లు ఆమెకు రాసిన జవాబులు కొన్ని కుటుంబాల్లో ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొనేదాకా క్షయను నయం చేసే మందు లేదు. గాలిమార్పు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, వీటిమీదే ఆశ పెట్టుకునేవారు. రాత్రి జ్వరం వచ్చిందా, బరువు ఏమైనా పెరిగిందా, దగ్గు ఎలా ఉంది అన్న ప్రశ్నలూ వాటికి జవాబులూ ఆ కాగితాల మీద తప్ప మరెక్కడా ఉండవు కాబట్టి, వానాకాలం మొదలయ్యేలోగా వాటిని ఒకసారి బయటికి తీసి చూసుకోవడం అవసరం.

క్షయరోగి రాసిన ఉత్తరాన్ని ముట్టుకోవడానికి కొందరు ఇప్పటికీ భయపడతారు. ఆ జబ్బు రోగి దగ్గినప్పుడు గాలిలో కలిసే తుంపరల ద్వారా సోకుతుంది గాని పాత కాగితాన్ని తాకితే రాదు. నిజంగా జాగ్రత్తపడవలసింది బూజు విషయంలో. బూజు పట్టిన కట్టను మూసిన గదిలో విప్పకూడదు. మాస్కు, చేతితొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట విప్పాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ పని మరొకరికి అప్పగించడం మంచిది.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది వరుస. ఇలాంటి ఉత్తరాల మీద చాలాసార్లు తేదీ ఉండదు, "సోమవారం సాయంత్రం" అని మాత్రమే ఉంటుంది. అసలు తేదీని చెప్పేది కవరు మీది తపాలా ముద్రే. అందువల్ల ఉత్తరాన్నీ కవరునూ ఎట్టి పరిస్థితిలోనూ విడదీయకూడదు. పెట్టెలో ఉన్న వరుసను చెదరనివ్వకుండా, వెనుక మూలలో మెత్తని పెన్సిలుతో తేలికగా అంకె వేసుకోవాలి. పెన్ను వాడవద్దు. జ్వరం తగ్గిందన్న ఉత్తరం, తిరగబెట్టిందన్న ఉత్తరం తారుమారైతే ఆమె కథే మారిపోతుంది.

తరువాత సిరాను పరిశీలించాలి. మాచికాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన పాత సిరా కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. అందులోని ఆమ్లం, ఇనుము కాగితాన్ని తినేస్తాయి. వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని చూస్తే అక్షరాల చుట్టూ లేత గోధుమ నీడ, గట్టిగా ఒత్తి రాసిన చోట సన్నని పగుళ్లు కనిపిస్తాయి. తేమ తగిలితే ఈ నష్టం వేగంగా పెరుగుతుంది కాబట్టి అటువంటి కాగితాన్ని తడిగుడ్డతో తుడవడం గాని, మడతలు పోవాలని ఇస్త్రీ చేయడం గాని ఎంతమాత్రం పనికిరాదు. మడతల్లో ఇసుక రేణువులు ఉంటే మెత్తని కుంచెతో బయటికి తోయాలి. వేలితో రుద్దితే అవి అక్షరాన్ని గీకేస్తాయి.

తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీసివేయాలి. చిరుగులకు సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు; ఒకసారి చేయించాక కాగితాన్ని క్షేమంగా విడదీయడం దాదాపు అసాధ్యం. ఉత్తరాల మధ్య ఆమ్లరహిత కాగితం పెట్టి, గట్టి అట్టపెట్టెలో ఉంచి, నేలకూ బయటి గోడకూ దూరంగా, లోపలి గదిలోని అలమరలో పెట్టాలి. గదిలో తేమ 65 శాతం దాటి అలాగే కొనసాగితే బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి, తేమను కొలిచే చిన్న పరికరం ఒకటి పక్కనే ఉంచుకోవాలి.

పెట్టెలో పెట్టే ముందు ప్రతి ఉత్తరానికీ ఫ్లాష్ లేకుండా ఫోటో తీయాలి. ఖాళీగా కనిపించే వెనుకవైపును, కవరు రెండు వైపులనూ వదలకూడదు. చెప్పడం మరిచిపోయిన మాటను అంచుల్లో ఇరికించి రాయడం రోగులకూ తల్లులకూ మామూలే. ఫోటోలను వేర్వేరు ఇళ్లలో ఉన్న ఇద్దరి దగ్గర ఉంచాలి. జబ్బు వివరాలు ఆ కుటుంబం సొంత విషయాలు కాబట్టి, ఇంట్లో అందరూ ఒప్పుకోనిదే బయటివారికి పంపవద్దు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఉత్తరాలు తడిస్తే, బూజు రెండు రోజుల్లోనే మొదలుకావచ్చు కనుక ఆలస్యం చేయకూడదు. ఎండలో పెట్టకుండా, అంటుకున్న పేజీలను బలవంతంగా లాగకుండా, పీల్చే కాగితం మీద పరచి, గాలి నేరుగా తగలకుండా ఫ్యాను తిప్పి ఆరనివ్వాలి. తడిసినవి ఎక్కువగా ఉండి అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే, చిన్న చిన్న కట్టలుగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఫ్రీజరులో ఉంచి, కాగితాల సంరక్షణ తెలిసినవారిని సంప్రదించాలి.