ఆర్ఎన్ఏ రీసెర్చ్‌కి డొనేషన్ ఇద్దామనుకుంటే ఇవి చూసుకుని ఇవ్వండి

ఆర్ఎన్ఏ (కణాల్లో ఉండే అణువు, మామూలుగా డీఎన్ఏలోని సమాచారాన్ని ప్రోటీన్ తయారీకి మోసుకెళ్ళేది) మీద పనికి డబ్బిద్దాం అనుకోగానే అందరూ అడిగేది ఏ జబ్బుకి ఇవ్వాలి అనే. నన్నడిగితే జబ్బు పేరు పెట్టకుండా ఇవ్వడమే మేలు. 1993లో అమెరికా శాస్త్రవేత్త విక్టర్ ఆంబ్రోస్ ల్యాబ్‌లో ఒక మిల్లీమీటర్ పొడవుండే పురుగులో బుల్లి ఆర్ఎన్ఏ ఒకటి దొరికింది, అది ప్రోటీన్ తయారుచెయ్యదు, వేరే జీన్ పనిని ఆపుతుంది, అంతే. ఆ పురుగుకే ఉన్న వింతేమోలే అని చాలామంది వదిలేశారు, 2000లో గ్యారీ రవ్‌కున్ ల్యాబ్ వాళ్ళు అలాంటిదే ఇంకోటి పట్టుకుని అది మనుషుల్లో కూడా ఉందని చూపించేదాకా. 2024లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మధ్యలో ఆ ఏడేళ్ళు "క్యాన్సర్‌కి మాత్రమే" అని రాసిచ్చిన డబ్బు ఆ పురుగు దాకా ఎందుకెళ్తుంది చెప్పండి. ఇంట్లో ఎవరికైనా ఫలానా జబ్బుంటే ఆ పేషెంట్ ఫౌండేషన్‌కే ఇవ్వండి, అది వేరే లెక్క.

అలాగని ఏమీ రాయకుండా పంపకండి. నేను మొదటిసారి ఒక యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు పర్పస్ బాక్స్ ఖాళీగా వదిలేశా, థాంక్యూ లెటర్‌తో పాటు కొత్త ఆడిటోరియం ఫొటో వచ్చింది! ఇప్పుడైతే "ఆర్ఎన్ఏ బయాలజీ పరిశోధనకి, స్టూడెంట్స్ ట్రైనింగ్‌కి, ఏది అవసరమైతే దానికి" అని రాస్తున్నా, అంతకన్నా బిగించను.

చిన్న మొత్తమైతే ట్రావెల్ ఫండ్‌కి ఇవ్వండి, నా ఓటు దానికే. ఆర్ఎన్ఏ సొసైటీ లాంటి సైంటిస్టుల సంఘాలు ఏటా మీటింగ్ పెడతాయి, అక్కడ తన పని చూపించే పోస్టర్ ముందు నిలబడి మాట్లాడిన పీహెచ్‌డీ పిల్లకి తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే రీసెర్చ్ ఉద్యోగం) దొరకడం మామూలే. కానీ ఒకటి అడగండి, టికెట్ డబ్బు ముందే ఇస్తారా లేక తిరిగొచ్చాక బిల్లులు పెడితే ఇస్తారా అని, ఎందుకంటే చేతిలో డబ్బు లేని స్టూడెంట్ రెండోదానికి అసలు అప్లై చెయ్యదు.

ల్యాబ్ ఖర్చులకీ ఇవ్వొచ్చు. ఆర్ఎన్ఏతో ఇబ్బందేంటంటే మన వేళ్ళ మీదుండే ఎంజైమే దాన్ని ముక్కలు చేసేస్తుంది, అందుకే గ్లవ్స్ మార్చుకుంటూనే ఉండాలి, శాంపిల్స్ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి, కొత్తగా చేరినవాళ్ళు వారం కష్టం ఒక్క పూటలో పోగొట్టుకోవడం ఎవరికీ వింత కాదు. మళ్ళీ చేసుకోవడానికి ప్రయోగానికి కావాల్సిన కిట్ ఉండాలి కదా, నేర్చుకోవడమంటే అదే.

పెద్ద మొత్తముంటే ఎండోమెంట్ అంటారు, అసలు మొత్తాన్ని ముట్టుకోకుండా దాని మీద వచ్చే రాబడిలోంచి మాత్రమే ఖర్చుపెడతారు, మామూలుగా వంద పెడితే ఏడాదికి నాలుగో ఐదో వస్తుంది. దాంతో ఫెలోషిప్ నడవాలంటే చాలా పెట్టాలి, లేదంటే అదే డబ్బు మూడేళ్ళలో ఖర్చుపెట్టండి అని చెప్పడం నయం.

పంపే ముందు ఆఫీసుకి మెయిల్ కొట్టి ఓవర్‌హెడ్ (ఆఫీసు, బిల్డింగ్ లాంటి ఖర్చులు) కింద ఎంత కోస్తారో, ట్యాక్స్ రసీదు ఇస్తారో లేదో కనుక్కోండి. స్టూడెంట్ పర్సనల్ అకౌంట్‌కి మాత్రం వెయ్యకండి, చాలా చోట్ల దానికి ట్యాక్స్ మినహాయింపు రాదు. మీ కంపెనీలో మ్యాచింగ్ (మీరిచ్చిన దానికి కంపెనీ కూడా కలిపి ఇవ్వడం) ఉంటే దానికి వాళ్ళు అడిగేది కూడా ఆ రసీదే.