పాత టైల్స్‌ను ఏం చేయాలి: మెరుగుపరచడం, మళ్ళీ వాడడం, పారవేయడం

పదిహేను, ఇరవై ఏళ్ళ కిందట వేసిన స్నానాలగది టైల్స్ మాసిపోయి, మచ్చలు పడి కనిపిస్తే ఎక్కువమంది మొదట మేస్త్రీని పిలిచి, పాతవి పగలగొట్టి కొత్తవి వేయడానికి ఎంతవుతుందని అడుగుతారు. అంతకన్నా ముందు తడిగుడ్డతో ఒక టైలు మధ్యభాగాన్ని గట్టిగా తుడిచి, దాన్నీ దాని చుట్టూ ఉన్న సందులనూ పక్కపక్కనే పెట్టి పరిశీలించడం మంచిది. సిరామిక్ టైలు 1100 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో కాలి, పైన గాజులాంటి పూత పట్టిన మట్టి పలక. దానికి సులభంగా వయసు రాదు. వయసు వచ్చేది సందుల్లో నింపిన సిమెంటు గ్రౌటుకు, పైన పేరుకున్న బోరునీటి సున్నానికి, సబ్బు జిడ్డుకు. ఈ మూడింటినీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

తొలగిస్తే ఎంత బరువు బయటపడుతుందో కూడా ముందే లెక్క వేసుకోవాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గల గదికి 7 అడుగుల ఎత్తు వరకు గోడ టైల్స్ ఉంటే, తలుపు జాగా తీసివేసినా సుమారు 150 చదరపు అడుగులు వస్తాయి. 8 మిల్లీమీటర్ల మందం గల టైలు చదరపు అడుగుకు ఒకటిన్నర కిలోలకు పైగానే తూగుతుంది కాబట్టి టైల్స్ ఒక్కటే పావు టన్ను దాకా ఉంటాయి. వెనక అంటుకుని వచ్చే సిమెంటు మాలును కలిపితే అది రెట్టింపు దాటుతుంది. ఒక చిన్న గది నుంచి అర టన్నుకు మించిన రాళ్ళ కుప్ప వస్తుందని తెలిసినప్పుడు, శుభ్రం చేయడానికి ఒక ఆదివారం వెచ్చించడం కష్టంగా అనిపించదు.

డొల్ల టైల్స్‌ను ముందుగా గుర్తించాలి

ఏ పని మొదలుపెట్టే ముందైనా ప్రతి టైలునూ నాణెంతోనో చెక్కముక్కతోనో తట్టి చూడాలి. గట్టిగా అతుక్కున్న టైలు నిండుగా మోగుతుంది, వెనక మాలు సరిగా పట్టనిది డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన వాటి మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. అక్కడక్కడ రెండు మూడు ఉంటే వాటిని మాత్రం మార్చుకుంటే సరిపోతుంది. గోడలో సగం డొల్లగా ఉంటే అవి ఎప్పుడైనా మీద పడవచ్చు కాబట్టి మెరుగులు దిద్దడం మాని తొలగించడమే క్షేమం. అలాగే కింది అంతస్తు కప్పులో చెమ్మ కనిపిస్తుంటే, లోపం టైల్స్ కింద ఉన్న నీటి నిరోధక పొరలోనో పైపుల్లోనో ఉండే అవకాశం ఎక్కువ. పైన ఎంత మంచి గ్రౌటు నింపినా అటువంటి కారుడు ఆగదు.

శుభ్రం చేసే క్రమం

జిడ్డు, సున్నం ఒకే మందుకు లొంగవు. మొదట వేడినీటిలో గిన్నెలు తోమే ద్రవం కలిపి, మెత్తని బ్రష్‌తో రుద్ది, సబ్బు జిడ్డును పూర్తిగా కడిగేయాలి. జిడ్డు పొర ఉన్నంతసేపు సున్నాన్ని కరిగించే పులుపు లోపలికి దిగదు. ఆ తరువాత లీటరు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మఉప్పు కరిగించి, తెల్లచారలున్న చోట గుడ్డతో పట్టించి, పది పదిహేను నిమిషాలు ఉంచి రుద్ది కడగాలి. బోరునీటిలోని కాల్షియం కార్బొనేట్ ఈ పులుపులో బుడగలు వస్తూ కరుగుతుంది. మందపాటి పొర అయితే అదే పనిని రెండు మూడుసార్లు చేయాలి గాని ద్రావణాన్ని గాఢంగా మార్చకూడదు. పులుపు పట్టించే ముందు గోడనంతా మామూలు నీటితో తడపడం మరిచిపోకూడదు. గ్రౌటు ముందే నీరు పీల్చుకుని ఉంటే పులుపును తక్కువగా పీలుస్తుంది.

ఇక కిరాణా కొట్లలో సీసాల్లో దొరికే యాసిడ్ విషయం. దాంతో కడిగిన వెంటనే టైల్స్ తళతళలాడే మాట నిజమే. కాని అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నంతో పాటు గ్రౌటులోని సిమెంటునూ తినేస్తుంది. నెలనెలా యాసిడ్‌తో కడిగిన గదుల్లో సందులు గుంటలు పడి, ఇసుక రాలి, అందులోకి మురికినీరు దిగి నల్లబడేది అందుకే. అంతకన్నా ప్రమాదకరమైనది యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో గాని బ్లీచ్ ద్రవంతో గాని కలపడం. ఆ కలయికలో క్లోరిన్ వాయువు పుడుతుంది, గాలి ఆడని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. సందుల్లోని నల్లని బూజుకు పలుచని బ్లీచ్ వాడదలచుకుంటే, నిమ్మఉప్పు వాడిన రోజు కాకుండా, అంతా కడిగి ఆరిన మరునాడు, తలుపు, కిటికీ తెరిచి వాడాలి.

మన ఇళ్ళలో టైల్స్ పక్కనే కడప బండలు, తాండూరు బండలు, బేతంచెర్ల రాళ్ళు ఉండడం మామూలే. ఇవన్నీ సున్నపురాతి జాతివే కాబట్టి యాసిడ్ అయినా, వెనిగర్ అయినా, నిమ్మఉప్పు అయినా వాటి నునుపును పోగొట్టి మచ్చ మిగులుస్తుంది. వంటగది గట్టు వెనకనున్న టైల్స్‌ను కడిగేటప్పుడు కింది కడప బండ మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచును టేపుతో మూయాలి. టైలు మీది గాజు పూతకు పులుపుతో భయం లేదు గాని గరుకుతో ఉంది. ఉక్కు పీచు, ఇసుక కలిసిన పొడులు సన్నని గీతలు పెడతాయి, తరువాత మురికి ఆ గీతల్లోనే చేరుతుంది. ఒకసారి అరిగిన పూతను ఏ మందూ తిరిగి తేలేదు.

సందులను కొత్తగా నింపడం

గది రూపాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది ఈ పనే. పాత గ్రౌటు మీదనే కొత్తది పూస్తే కొన్ని వారాల్లో పొరలుగా ఊడిపోతుంది, కాబట్టి పాతదాన్ని తొలగించక తప్పదు. హార్డ్‌వేర్ దుకాణాల్లో గ్రౌటు గీకే చేతి పనిముట్టు దొరుకుతుంది. దాని బ్లేడు సందు వెడల్పు కన్నా సన్నగా ఉండేలా చూసుకుని, టైలు అంచుకు తగలకుండా, కనీసం 3 మిల్లీమీటర్ల లోతు వరకు గీకాలి. దుమ్మును పొడి బ్రష్‌తో రేపకుండా తడిగుడ్డతో ఎత్తాలి.

సిమెంటు గ్రౌటు చవక, చేయడం సులువు. రెసిన్‌నూ దాన్ని గట్టిపరిచే ద్రవాన్నీ కలిపి వాడే ఎపాక్సీ గ్రౌటు ఖరీదు ఎక్కువైనా మరకలు పట్టదు, నీరు పీల్చదు. వంటగది గట్టుకూ స్నానపు నీళ్ళు నేరుగా పడే మూలకూ ఎపాక్సీయే తగినదని నా అభిప్రాయం. అయితే దాన్ని కలిపాక ముప్పావుగంటలోపే గట్టిపడడం మొదలవుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవాలి. టైలు మీద అంటినదాన్ని వెంటవెంటనే తుడవాలి, ఆరితే అది ఊడదు. సిమెంటు గ్రౌటుకు ముందు సందులను కొద్దిగా తడపాలి, ఎపాక్సీకి అవి పూర్తిగా పొడిగా ఉండాలి. రెండింటినీ రబ్బరు పలకతో, సందుకు ఏటవాలుగా లాగుతూ నొక్కి నింపాలి. సిమెంటు గ్రౌటు కాస్త బిగిసిన తరువాత, అంటే పావుగంట నుంచి అరగంటలో, పిండిన స్పాంజితో తుడిచి, మరునాడు మిగిలిన తెల్లని మసకను పొడిగుడ్డతో రుద్దాలి. ఆ గదిని ఒక రోజైనా వాడకుండా ఉంచి, ఆ తరువాత రెండు మూడు రోజులు సందులపై అప్పుడప్పుడు నీళ్ళు చిలకరిస్తే సిమెంటు గట్టిపడుతుంది. గోడ నేలను కలిసే మూలలోనూ, కమోడు చుట్టూనూ గ్రౌటు వద్దు. ఆ చోట్ల సన్నని కదలిక ఉంటుంది కాబట్టి రబ్బరులా సాగే సిలికాన్ సీలెంటు వేయాలి. రంగు ఎంచుకునేటప్పుడు టైలు కన్నా ఒక ఛాయ ముదురుది తీసుకుంటే మాపు కనిపించదు.

ఒక్క టైలు పగిలితే

చుట్టూ ఉన్న గ్రౌటును ముందుగా గీకి తీసేస్తే దెబ్బ పక్క టైలుకు పాకదు. పగిలిన టైలు మధ్యలో డ్రిల్లుతో రంధ్రం చేసి, అక్కడి నుంచి అంచుల వైపుకు ఉలితో ముక్కలుగా తీయాలి. అంచు నుంచి మొదలుపెడితే పక్కవాటి మూలలు ఎగిరిపోతాయి. కళ్ళద్దాలు, దళసరి చేతితొడుగులు, బూట్లు తప్పనిసరి, ఎందుకంటే టైలు చెక్కు బ్లేడులా కోస్తుంది. నీళ్ళు పోయే జాలీలో గుడ్డ కుక్కడం కూడా అవసరం. వెనక మాలును కొత్త టైలూ జిగురూ పట్టేంత లోతు వరకు చెక్కి, టైలు జిగురు పూసి, పక్కవాటితో సమంగా ఉందో లేదో రసమట్టంతో చూసి, మరునాడు గ్రౌటు నింపాలి. అదే టైలు దొరకకపోతే దగ్గరి రంగు కోసం వెతకడం వృథా. ఉద్దేశపూర్వకంగా వేరే రంగు టైలును ఒక వరసలోనో నాలుగు చోట్లనో పెడితే అది అతుకుగా కాక అలంకరణగా కనిపిస్తుంది.

పాత టైల్స్ గట్టిగా ఉంటే వాటి మీదనే కొత్తవి అతికించవచ్చు. దానికి పాలిమర్ కలిసిన ప్రత్యేక జిగురు కావాలి. నేల 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలుపు అడుగు భాగాన్నీ నీటి వాలునూ ముందే చూసుకోవాలి. టైల్స్‌కు వేసే ఎపాక్సీ రంగులు పొడిగా ఉండే గోడలకు పనికొస్తాయి, నీళ్ళు నిలిచే నేలకు నేను సిఫారసు చేయను.

ముక్కలను మేడ మీద పరచడం

మిగిలిపోయిన తెల్లని, లేతరంగు టైలు ముక్కలకు మన ఎండల్లో ఇంతకు మించిన వినియోగం లేదు. తెల్లని మెరుపు టైలు ఎండను చాలావరకు తిప్పి పంపుతుంది, దాంతో స్లాబు వేడెక్కడం తగ్గి, కింది గది చల్లబడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రోత్సహించేది ఈ సూత్రాన్నే. ముదురు రంగు ముక్కల వల్ల ఈ ప్రయోజనం రాదు.

ముందుగా స్లాబులో పగుళ్ళను పూడ్చి, నీటివాలు సరిచేయాలి. ముక్కలను గోనెపట్టా కింద పెట్టి సుత్తితో రెండు మూడు అంగుళాల సైజుకు కొట్టాలి. సిరామిక్ గోడ టైలు తన బరువులో పదోవంతుకు పైగా నీరు పీలుస్తుంది కాబట్టి వాటిని ముందు నీటిలో నానబెట్టకపోతే మాలులోని తడినంతా అవే లాగేసుకుంటాయి. విట్రిఫైడ్ టైలు, అంటే లోపలంతా గాజులా గట్టిపడేలా కాల్చిన టైలు, అర శాతం కూడా పీల్చదు. వాటి ముక్కలు మామూలు మాలుకు గట్టిగా పట్టవు గనుక వాటికి టైలు జిగురే వాడాలి. ఏది ఏ రకమో తెలియకపోతే వెనకవైపు ఒక నీటిబొట్టు వేసి చూస్తే చాలు: వెంటనే ఇంకితే సిరామిక్, నిలిచి ఉంటే విట్రిఫైడ్. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుక కలిపిన మాలును నీటి నిరోధక ద్రవం కలిపి ముప్పావు అంగుళం మందాన పరచి, ముక్కలను మెరుపు వైపు పైకి ఉండేలా తాపీ పిడితో తట్టి కూర్చాలి. సందులను తెల్ల సిమెంటుతో నింపి, వారం రోజులు తడుపుతూ ఉండాలి. ఈ పొర చదరపు మీటరుకు 60 కిలోల దాకా బరువు పెంచుతుంది, కనుక పాత మేడ అయితే ఇంజనీరుకు చూపించిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

చండీగఢ్‌లో నేక్‌చంద్ నిర్మించగా 1976లో ప్రజలకు తెరిచిన రాక్ గార్డెన్‌లో విరిగిన టైల్స్, గాజులు, పింగాణీ ముక్కలతో చేసిన బొమ్మలను చూసినవారు ముక్కను వ్యర్థమని అనలేరు. ఇంట్లో అంత పని చేయలేకపోయినా, తులసికోట చుట్టూ, బట్టలుతికే గట్టు మీద, బిందెలు పెట్టే అరుగు మీద ఇవి చక్కగా అమరుతాయి. కుండీ అడుగు రంధ్రం మీద ఒక్క పెంకు పెడితే మట్టి జారిపోదు. పిడికెడు పెంకులు పోసినందువల్ల నీరు త్వరగా ఇంకుతుందనే నమ్మకంలో మాత్రం నిజం లేదు. పాత టైల్స్ పూతలో సీసం ఉండవచ్చు, అందుచేత వాటిని భోజనపు పళ్ళెంగానో వేడి పదార్థాలు నేరుగా వడ్డించే పలకగానో వాడకూడదు. టైల్స్‌ను యంత్రంతో పొడిగా కోయకూడదు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి నయంకాని సిలికోసిస్‌కు దారితీస్తుంది. నీళ్ళు పోస్తూ, ఎన్95 మాస్కు కట్టుకుని, ఆరుబయట కోయాలి, మేస్త్రీ చేతా అలాగే కోయించాలి.

ఇక పారవేయవలసినవి

పగలని టైల్స్‌ను, పెట్టెల్లో మిగిలినవాటిని చెత్తగా లెక్కించవద్దు. పాత ఇంటి సామాను కొనే దుకాణాలు తీసుకుంటాయి, మరుగుదొడ్డి కట్టుకుంటున్నవారికి ఇచ్చినా పనికొస్తాయి. ఇంటి అవసరానికి ఒక పెట్టెను, దాని మీద ముద్రించిన బ్యాచ్, షేడ్ సంఖ్యలు చెరగకుండా, నిలువుగా నిలబెట్టి దాచుకోవాలి.

ముక్కలు తడిచెత్త, పొడిచెత్త డబ్బాల్లో వేయదగినవి కావు. గాజు సీసాలతో కలిపితే మరీ నష్టం, ఎందుకంటే గాజు కరిగే కొలిమిలో సిరామిక్ కరగక రాయిలా మిగిలి ఆ గాజును పాడుచేస్తుంది. వీటిని నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలుగానే పరిగణించాలి. 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనలు, ఎంత తక్కువ పరిమాణమైనా, వాటిని రోడ్డు మీదా కాలువల్లోనూ వేయకుండా చూసే బాధ్యతను ఇంటి యజమాని మీదనే పెట్టాయి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఈ వ్యర్థాలను దంచి ఇసుక, కంకర, పేవర్ ఇటుకలుగా మార్చే కేంద్రాలున్నాయి. నగరపాలక సంస్థను సంప్రదిస్తే రుసుము తీసుకుని అక్కడికి తరలిస్తారు. మేస్త్రీతో ధర మాట్లాడేటప్పుడే శిథిలాలు ఎక్కడికి పోతాయో కాగితం మీద రాయించుకోవాలి. ఆ మాట అడగని ఇళ్ళ శిథిలాలే రాత్రిపూట ట్రాలీల్లో వెళ్ళి చెరువు శిఖం భూముల్లో కుప్పలవుతున్నాయి, వానాకాలంలో ఆ చెరువు పక్క కాలనీలు మునుగుతున్నాయి.

అటువంటి కేంద్రాలు లేని ఊళ్ళలో చెక్క, ప్లాస్టిక్, పైపులు వేరుచేసిన శుభ్రమైన ముక్కలను, కొత్త ఇంటి పునాది గోడల మధ్య నింపడానికో, కాంక్రీటు బాట కింద మూడు నాలుగు అంగుళాల పొరగా దిమ్మిస కొట్టడానికో వాడవచ్చు. పెరట్లో మాత్రం పాతిపెట్టకూడదు, ఎప్పుడో పార తగిలి పైకి వచ్చిన పెంకు పిల్లల కాలికి గుచ్చుకుంటుంది. తరలించేటప్పుడు ప్లాస్టిక్ సంచులు చిరుగుతాయి గనుక రెండు గోనె సంచులను ఒకదానిలో ఒకటి పెట్టి, ఒక్కోదానిలో 20 కిలోలకు మించకుండా నింపి, పదునైన అంచులు లోపలికి తిరిగి ఉండేలా సర్ది, మూతి గట్టిగా కట్టి, మోసేవారికి లోపల టైలు ముక్కలున్నాయని చెప్పి అప్పగించాలి.