ఎండాకాలపు నడకల్లో బొమ్మలకు ముడిసరుకు సేకరించడం ఎలా

స్కెచ్‌బుక్ పట్టుకుని చెట్ల మధ్యకు వెళ్ళేవాళ్ళు చాలామంది అక్కడే పూర్తి బొమ్మ వేసెయ్యాలని కూర్చుంటారు. ఈలోగా వెలుగు మారుతుంది, రంగు ఆరిపోతుంది, విసుగొస్తుంది. పూర్తి బొమ్మ ఇంట్లో వేసుకోవచ్చు. ఫొటోకి అందని వివరాలు పట్టుకోవడానికే ఈ నడక.

సామాను తక్కువ ఉండాలి. ఏ5 స్కెచ్‌బుక్, 2బి పెన్సిల్, తడికి చెదరని ఇంకు పెన్ను, నీళ్ళు నింపుకునే బ్రష్, గాలికి పేజీలు లేవకుండా రెండు క్లిప్పులు. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు, అంటే మందంగా) అయితే మంచిది, పల్చటిదైతే తడికి ముడతలు పడుతుంది. నీటిరంగులు ఆరు చాలు: నిమ్మపసుపు, ఓకర్ (మట్టి పసుపు), ఎరుపు, అల్ట్రామెరైన్ (ముదురు నీలం), థాలో నీలం (కాస్త ఆకుపచ్చ వైపు మొగ్గే గాఢ నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు). తాగే నీళ్ళ సీసా వేరే.

పొద్దున సూర్యుడు వచ్చాక రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు మంచి సమయం. అప్పుడు నీడలు పొడుగ్గా పడి ఆకారం తెలుస్తుంది. అయితే సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. అందుకే నీడల అంచులు ముందే పెన్సిల్‌తో గీసేసి, ఆ తర్వాత మార్చకండి. మారుస్తూ పోతే ఒకే బొమ్మలో రెండు వైపుల నుంచి వెలుగు పడినట్టు అవుతుంది.

ఆకు గీసేముందు కొమ్మను చూడండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా, ఒకే కణుపు చుట్టూ గుంపుగానా? తొడిమ కొమ్మను తాకేచోట ఉబ్బుందా? ఈనెలు అంచుదాకా వెళ్ళాయా, మధ్యలోనే వంపు తిరిగాయా? ఊహతో వేసిన మొక్క అతికించినట్టు కనబడుతోందంటే, చాలాసార్లు తప్పు ఆకులో ఉండదు, తొడిమ కొమ్మను తాకే ఆ అతుకులో ఉంటుంది. అందుకే ఆ అతుకును మాత్రం అరచేయంత పెద్దదిగా విడిగా గీసుకోండి.

ఆకుపచ్చ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ట్యూబులో వచ్చే ఆకుపచ్చ నేరుగా వేస్తే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది. నిమ్మపసుపులో థాలో నీలం చిటికెడు కలిపితే లేతాకు, ఓకర్‌లో అల్ట్రామెరైన్ కలిపితే ముదురాకు వస్తాయి. మరీ గాఢంగా ఉంటే కాస్త బర్న్ట్ సియెన్నా కలపండి, తగ్గుతుంది. ఒకే ఆకును రెండు రకాలుగా చూడాలి: వెనకనుంచి ఎండ దూరి వస్తే పసుపుపచ్చ, పైన ఆకాశం మెరిస్తే నీలిపచ్చ. ఈ రెండూ పక్కపక్కన వేసి, కలిపిన రంగుల పేర్లు అక్కడే రాయండి.

పేజీ మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఎండలో రంగులు లేతగా కనబడి మనం ముదురుగా వేసేస్తాం, ఇంటికొచ్చి చూస్తే బొమ్మ నల్లబడి ఉంటుంది. మీ నీడలోనే పేజీ పెట్టుకోండి. వేడికి రంగు త్వరగా ఆరి అంచుల్లో గీతలు పడతాయి కాబట్టి, అవసరమైన దానికంటే ఎక్కువ రంగు ముందే కలిపి ఉంచుకుని, ఆపకుండా వెయ్యండి.

సీతాకోకచిలుకలు పొద్దున్నే రెక్కలు విప్పి ఎండ కాచుకుంటాయి, గీయడానికి అదే అదను. పురుగును ఒంటరిగా కాక, అది వాలిన మొక్కతో కలిపి గీయండి. 1699లో దక్షిణ అమెరికాలోని సూరినామ్ వెళ్ళిన చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ గొంగళిపురుగుల్ని అవి తినే మొక్కల మీదే చిత్రించారు. అలా గీస్తే ఒక్క పేజీలోనే కథ మొదలవుతుంది.

ఫొటో తీసుకోండి, కానీ పక్కన ఒక నాణెం పెట్టండి, పరిమాణం తెలుస్తుంది. ఆకులు కోయకండి, రాలినవి చాలు.

అదే రోజు సాయంత్రం పేజీ ముందు కూర్చోండి, రంగుల జ్ఞాపకం మర్నాటికి పలచబడుతుంది. ఒకే ఆకారం ఎంచుకుని ఐదు రకాలుగా మార్చి చూడండి: పెంచి, వరసగా పేర్చి, తలకిందులు చేసి, సగం కోసి, కథలోని ఒక పాత్రకు తొడిగి. మెలితిరిగి విచ్చిన ఎండు కాయ ఒక పాత్రకు కాలర్ కావచ్చు, పడవ కావచ్చు. ఆ పేజీలోని రంగుల్లో నాలుగింటినే ఉంచుకుని ఆ బొమ్మంతా వాటితోనే వెయ్యండి.