ఖాళీ జాగాలో ఆరుబయట భోజనశాల: తిరుపతిలో దరఖాస్తుకు ముందు చూసుకోవలసిన స్థలం కాగితం

తిరుపతిలో ప్రహరీ గోడల వెంట, ఇళ్ల మధ్య కంప పెరిగి వృథాగా పడి ఉన్న జాగాల్లో పందిరి వేసి, నాలుగు బల్లలు పెట్టి టిఫిన్లు, భోజనాలు అమ్మాలనుకునేవారు కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్సు, కేంద్ర ఆహార భద్రతా సంస్థ నడిపే ఫోస్కోస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఆధార్, ఫొటో, చేతిలో పనిచేస్తున్న మొబైల్ నంబరు ఉంటే ఈ రెండింటికీ మధ్యవర్తి అక్కర్లేదు.

చిక్కంతా స్థలం కాగితం దగ్గరే వస్తుంది. ట్రేడ్ లైసెన్సు వ్యాపారానికి అనుమతే తప్ప జాగా మీద హక్కు కాదు, రోజూ కట్టే ఆశీలు (వీధి వ్యాపార రుసుము) రసీదూ అంతే. పోయిన కార్తీకంలో ఒక దంపతులు నాకు చూపిన ప్లాస్టిక్ కవరులో ఏడాది ఆశీలు రసీదులు దారంతో కట్టి ఉన్నాయి కానీ, ఆ జాగా ఎవరిదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. రేకులు, బల్లలు కొన్నాక గానీ అది ఒక ప్రభుత్వ శాఖ భూమి అని వారికి తెలియలేదు. మధ్యవర్తికి ఇచ్చిన డబ్బుకు రసీదు కూడా లేదు.

అందువల్ల ఒక్క రూపాయి ఖర్చు చేయకముందే వార్డు సచివాలయంలో ప్రణాళికా కార్యదర్శిని కలిసి, ఆ జాగా కార్పొరేషన్‌దా, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ)దా, రైల్వేదా, టీటీడీదా, ప్రైవేటుదా అని అడిగి తెలుసుకోండి. యజమాని ఎవరైతే వారి రాతపూర్వక సమ్మతి కావాలి. ప్రైవేటు జాగాను ఏడాదికి మించి లీజుకు తీసుకుంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, స్టాంపు కాగితం మీద సంతకాలు మాత్రమే చాలవు. తిరుమల కొండ మీద దుకాణాల అనుమతి కార్పొరేషన్ చేతిలో ఉండదు, అది టీటీడీ వ్యవహారం.

రోడ్డు పక్కన అమ్ముకునేవారికి 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం వర్తిస్తుంది. పట్టణ విక్రయ కమిటీ సర్వేలో నమోదైనవారికి ఇచ్చే విక్రయ ధ్రువపత్రాన్ని అద్దెకు ఇవ్వడానికి గానీ, బదిలీ చేయడానికి గానీ వీల్లేదు. కాబట్టి "పత్రం అద్దెకిప్పిస్తాం" అనేవారికి దయచేసి డబ్బు ఇవ్వకండి. పత్రం నిరాకరిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఉంది. ఖాళీ చేయమనాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టమే చెబుతోంది, కాబట్టి ఎవరో వచ్చి బెదిరించగానే సామాను సర్దుకోవలసిన పని లేదు.

దరఖాస్తుతో స్థల పటం ఇచ్చేటప్పుడు కొలతలతో పాటు మురుగు కాలువ ఎక్కడుందో, గిన్నెలు కడిగిన నీరు ఎటు పోతుందో, నడిచేవారికి ఎంత దారి మిగులుతుందో స్పష్టంగా గీయండి. 2021 నవంబరు వరదను చూసిన ఊరిలో కాలువ మీద బండ పరిచి బల్లలు వేయడం ఇరుగుపొరుగుకు చేటు. నేలంతా సిమెంటు పోయకుండా వాన నీరు ఇంకేలా మట్టి, గులకరాళ్లు ఉంచి, ఉన్న వేప, కానుగ చెట్ల నీడనే వాడుకుంటే ఎండాకాలంలో రేకుల వేడి ఉండదు, ఖర్చూ తగ్గుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి, విస్తరాకులు వాడండి. ఇంటి గ్యాసు సిలిండరు పనికిరాదు, వాణిజ్య సిలిండరే ఉండాలి.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకున్నాకే కౌంటరు దగ్గర నుంచి కదలండి.